రన్నింగ్ టైం

రెండు ఎయిర్‌పోర్టుల పేర్లు కొడితే వాటి మధ్య దూరం, విమానంలో పట్టే టైం చెప్పే సైట్లు కొన్ని ఉంటాయి. హైదరాబాద్, శాన్ ఫ్రాన్సిస్కో అని కొడితే సుమారు 13,540 కిలోమీటర్లు, పదహారు గంటల పైచిలుకు అని వస్తుంది. నేను తిరిగిన ఇన్నేళ్ళలో ఈ రెండు ఊళ్ళ మధ్య నేరుగా వెళ్ళే విమానం నాకెప్పుడూ దొరకలేదు. సైటుకి దాంతో పనిలేదు. లేని విమానానికి కూడా టైం చెప్తుంది.

ఆ పదహారు గంటలు ఎలా పుడతాయో నాకు తెలుసు. అలాంటి ఫంక్షన్ ఒకటి నేనే రాశాను. మొదటి ఉద్యోగంలో, ఒక ట్రావెల్ బుకింగ్ ప్రాజెక్టులో, నాకిచ్చిన తొలి పనుల్లో అదొకటి. రెండు చోట్ల అక్షాంశాలు, రేఖాంశాలు తీసుకుని హావర్‌సైన్ సూత్రంలో వెయ్యాలి. ఆ సూత్రం భూమిని 6,371 కిలోమీటర్ల వ్యాసార్థం ఉన్న గుండ్రటి బంతి అనుకుంటుంది. నిజానికి భూమి పైనా కిందా కొంచెం నొక్కుకుపోయి ఉంటుంది. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్థం 6,378, ధ్రువాల దగ్గర 6,357. దానివల్ల వచ్చే తప్పు మహా అయితే అర శాతం. ఎవరూ పట్టించుకోరు. వచ్చిన దూరాన్ని గంటకి 850తో భాగించి, ఎక్కడానికీ దిగడానికీ కలిపి ఇంకో అరగంట చేర్చాను. మొత్తం పదిహేను లైన్లు. కోడ్ రివ్యూలో ఒక్క కామెంటు కూడా రాలేదు.

రివ్యూ చేసింది మా నాయిన అయితే పాసయ్యేది కాదు.

నాయిన ఆర్టీసీలో కండక్టర్‌గా చేరి కంట్రోలర్‌గా రిటైరయ్యాడు. ఎక్కువ కాలం దేవరకొండ బస్టాండులోనే చేశాడు. ఆయనకి కిలోమీటర్లు తెలియక కాదు గానీ, ఊళ్ళ మధ్య దూరం ఎప్పుడు అడిగినా టైంలోనే చెప్తాడు. హైదరాబాద్ ఎంత దూరం అంటే, "మల్లేపల్లి, మాల్, పట్నం మీదికెల్లి మూడు గంటలు. పొద్దుగాల ఫస్ట్ బస్సుకైతే పావుగంట తక్కువ" అంటాడు. పట్నం అంటే ఇక్కడ ఇబ్రహీంపట్నం. శ్రీశైలానికైతే పోయే టైం వేరే, వచ్చే టైం వేరే చెప్తాడు. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు ఒకటే లెక్క ఎట్లా అవుతుంది అని మనల్నే అడుగుతాడు. ఆయన భాషలో దాని పేరు రన్నింగ్ టైం.

2016లో నేను అమెరికా బయల్దేరే ముందు రోజు రాత్రి, విమానం ఎటు నుంచి పోతుందని అడిగాడు. ఫోన్‌లో మ్యాప్ తీసి చూపించాను. హైదరాబాద్ నుంచి దుబాయ్, అక్కణ్ణుంచి శాన్ ఫ్రాన్సిస్కో. దుబాయ్ నుంచి గీత నిట్టనిలువుగా పైకి పోయి, మ్యాప్ పై అంచు దాకా వెళ్ళి, అవతల నుంచి మళ్ళీ కిందికి దిగుతోంది.

"గిదేంది, సక్కగ పడమటికి పోకుండ మీదికెందుకు పోతున్నడు?"

ఇంట్లో బత్తాయిలు ఉన్నాయి. మా వైపు వాటికి కరువు ఉండదు. అమ్మ అరుగు మీద కూర్చుని మల్లెపూలు అల్లుతోంది. ఆమె దగ్గర మూరెడు దారం తెంపుకుని, ఒక బత్తాయి తొక్క ఒలిచి నాయినకి ఇచ్చాను. తొనలన్నీ తొడిమ దగ్గర కలుస్తాయి కదా, రేఖాంశాలు కూడా అట్లాగే ఉత్తర ధ్రువం దగ్గర కలుస్తాయి. దుబాయ్ 55 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. శాన్ ఫ్రాన్సిస్కో 122 డిగ్రీల పడమర. రెండూ కలిపితే 177. ఇంకో మూడు డిగ్రీలుంటే రెండూ పండుకి సరిగ్గా ఎదురెదురు తొనల మీద ఉన్నట్టే. అందుకే దారాన్ని పక్క నుంచి చుట్టి లాగితే పొడుగెక్కువ పడుతుంది, తొడిమ మీదుగా లాగితే తక్కువ పడుతుంది. నాయిన రెండు రకాలుగానూ దారం పెట్టి చూశాడు. గోటితో గుర్తు పెట్టుకుని మళ్ళీ కొలిచాడు. ఒప్పుకున్నాడు.

"ఆ పండు ఇగ తినేటందుకు పనికొస్తదా?" అంది అమ్మ.

నాయిన తొనలు విడదీసి ముగ్గురికీ పంచాడు. తింటూ, నా వైపు చూడకుండా అడిగాడు.

"ఏమన్నైతే ఎన్ని గంటలల్ల రావచ్చు?"

నేను వెంటనే లెక్క చెప్పాను. పెద్ద విమానంలో పదహారు, చిన్నదాంట్లో మూడుంపావు, దుబాయ్‌లో ఆగేది రెండున్నర. "ఇరవై రెండు గంటలు నాయినా."

"ఇంటికెల్లి ఇంటికా? స్టాండుకెల్లి స్టాండుకా?"

"ఎయిర్‌పోర్ట్ నుంచి ఎయిర్‌పోర్టుకి."

తల ఊపాడు. ఇంకేమీ అడగలేదు.

* * *

నేను అప్పుడప్పుడు కథల మీద రాస్తుంటాను. అమెరికా తెలుగు కథలు చాలానే చదివాను. వాటిలో ఒక వాక్యం తిరిగి తిరిగి వస్తుంది. రాత్రి ఫోన్ మోగుతుంది. తర్వాతి పేరాలో హీరో శంషాబాద్‌లో దిగి ఉంటాడు. మధ్యలో ఒక ఖాళీ లైనో, మూడు చుక్కలో. ఒకసారి ఒక కథ మీద రాస్తూ ఆ ఖాళీని మెచ్చుకున్నాను కూడా. చెప్పకుండా చెప్పడం, క్లుప్తత అని ఏవో మాటలు వాడాను. ఆ ఖాళీలో ఏం జరుగుతుందో అప్పటికి నాకు తెలీదు. తెలిశాక చూస్తే, మా కథల్లో అసలు కథ చాలాసార్లు ఆ ఖాళీ లైనులోనే ఉందనిపిస్తుంది. అందుకే ఇక్కడ దాన్ని గంటలతో సహా రాస్తున్నాను.

2023 ఫిబ్రవరిలో ఒక మంగళవారం రాత్రి 8:40కి అక్క ఫోన్ చేసింది. చలికాలంలో కాలిఫోర్నియాకీ మనకీ పదమూడున్నర గంటల తేడా. అక్కడ బుధవారం ఉదయం 10:10. అమ్మ పొద్దున్నే గుండెపోటుతో పోయింది. ఆస్పత్రి దాకా కూడా తీసుకెళ్ళలేకపోయారు.

ఫోన్ పెట్టేసి లాప్‌టాప్ తీశాను. రాత్రి 12:30కి సింగపూర్ విమానంలో సీట్లున్నాయి. సింగపూర్ మీదుగా అయితే మొత్తం 16,900 కిలోమీటర్లు. దుబాయ్ మీదుగా 15,600. సింగపూర్ దారి పదమూడు వందల కిలోమీటర్లు ఎక్కువ. కానీ దుబాయ్ విమానం మర్నాడు మధ్యాహ్నం గానీ లేదు. సింగపూర్ దారిన పోతే గురువారం మధ్యాహ్నం రెండున్నరకి హైదరాబాద్, పొద్దుగూకక ముందే ఇల్లు. ఆ రాత్రి ఎక్కువ దూరమే దగ్గరి దారి. నా ఫంక్షన్‌కి ఈ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు.

టికెట్ కొనలేదు.

ఎందుకంటే నా పాస్‌పోర్టులో వీసా స్టాంపు అయిపోయింది. అమెరికాలో ఉండటానికి, పని చెయ్యడానికి కాగితాలు సరిగ్గానే ఉన్నాయి, పొడిగింపు వచ్చింది. కానీ ఒకసారి దేశం దాటితే, మళ్ళీ కాన్సులేట్‌లో స్టాంపు పడితే గానీ వెనక్కి రాలేను. ఆ రోజుల్లో అపాయింట్‌మెంట్లు నెలల తరబడి దొరకట్లేదు. నేను టికెట్ పేజీ పక్కన ఇంకో ట్యాబ్‌లో స్టాంపింగ్ తేదీలు చూస్తూ కూర్చున్నాను. అపార్ట్‌మెంట్, ఉద్యోగం, నా భార్య ఉద్యోగం, అన్నీ ఒకదాని మీద ఒకటి నిలబడి ఉన్నాయి. ఒకటి లాగితే ఏం పడుతుందో లెక్క వేస్తున్నాను. అత్యవసర అపాయింట్‌మెంట్ ఇస్తారా, ఇవ్వరా అని ఫ్రెండ్స్ గ్రూపుల్లో అడుగుతున్నాను. నా భార్య రెండుసార్లు వచ్చి, "ముందు బయల్దేరు. తర్వాత సంగతి తర్వాత" అంది. ఆమె చెప్పింది సరైనదని నాకు అప్పుడే తెలుసు.

రాత్రి 11:30కి నాయిన ఫోన్ చేశాడు. అక్కడ మధ్యాహ్నం ఒంటిగంట.

"బయలెల్లినవా?"

"చూస్తున్న నాయినా."

"ఎప్పుడు బయలెల్తవ్?"

"చూస్తున్న. చెప్త."

"సరే" అని పెట్టేశాడు. అప్పటికి సింగపూర్ విమానం చేజారిపోయింది. ఇంకో ముప్పావుగంటకి మర్నాటి దుబాయ్ టికెట్ కొన్నాను. ఇంటికి చెప్దామని చేస్తే అక్క ఫోన్ ఎత్తింది. సాయంత్రం అయిదింటికి కానిచ్చేస్తున్నారని చెప్పింది. వెనక ఎవరో పెద్దాయన "ఫ్రీజర్ పెట్టె తెప్పిద్దాం, కొడుకు రావాలె గదా" అనడం వినిపించింది. నాయిన గొంతు కూడా వినిపించింది. "వద్దు. ఆపొద్దు."

నాయినే నిప్పు పెట్టాడు. తెల్లారుజామున మూడున్నరకి వీడియో కాల్‌లో చూశాను. నెట్‌వర్క్ సరిగ్గా లేక బొమ్మ ఆగి ఆగి వచ్చింది.

* * *

బుధవారం మధ్యాహ్నం 3:45కి విమానం బయల్దేరింది. ఇంక తొందరపడాల్సిన పని లేదు. సీటు ముందున్న తెరలో మ్యాప్ మీదే ఉండిపోయాను. మిగిలిన దూరం, మిగిలిన టైం, బయట చలి, బయల్దేరిన చోట టైం, చేరేచోట టైం ఒకదాని తర్వాత ఒకటి మారుతుంటాయి. కెనడా దాటాక విమానం బొమ్మ ఇంకా పైకి పోయింది. బత్తాయి తొడిమ గుర్తొచ్చింది. అమ్మ తెంపిచ్చిన దారం గుర్తొచ్చింది.

ఆ దారిలో కింద ఊళ్ళుండవు. దీనికి సంబంధించి విమానాల వాళ్ళకి ఒక నియమం ఉంది. ఇటాప్స్ అంటారు. రెండే ఇంజన్లున్న విమానంలో ఒకటి ఆగిపోతే, మిగిలిన ఒక్క ఇంజన్‌తో ఎన్ని నిమిషాల్లో ఏదో ఒక ఎయిర్‌పోర్టుకి చేరగలదు? ఆ నిమిషాల పరిధి దాటి పోకూడదు. ఒకప్పుడు అది అరవై నిమిషాలు. 1985లో 120 నిమిషాల దాకా వెళ్ళనిచ్చారు. మూడేళ్ళకి అది 180 అయింది. 2011లో బోయింగ్ 777లో కొన్ని రకాలకి 330 నిమిషాలకి అనుమతి వచ్చింది. ఇంజన్ల మీద నమ్మకం పెరిగేకొద్దీ నిమిషాలు పెరిగాయి. 2021 జనవరిలో శాన్ ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి అందరూ ఆడపైలట్లే ఉన్న ఎయిరిండియా విమానం ఉత్తర ధ్రువం మీదుగా నేరుగా వచ్చిందంటే, అంత దూరం రెండింజన్ల విమానాన్ని నమ్మవచ్చని ఎప్పుడో తేల్చుకున్నారు కాబట్టే.

ఈ నియమంలో నాకు నచ్చేది, అందులో అడిగే ప్రశ్న. నువ్వు ఎంత దూరంలో ఉన్నావు అని అడగదు. ఏమన్నా అయితే ఎన్ని నిమిషాల్లో చేరతావు అని అడుగుతుంది. దానికి జవాబు బయల్దేరే ముందే ఉండాలి, గాల్లో లేచాక వెతుక్కోకూడదు. నాయిన బత్తాయి తొన తింటూ అడిగింది అదే ప్రశ్న. నేను ఇరవై రెండు గంటలని కాగితం లెక్క చెప్పి, ఏడేళ్ళు దాన్ని ఒక్కసారి కూడా సరిచూసుకోలేదు.

దుబాయ్‌లో దిగి, విమానం మారి, శుక్రవారం తెల్లవారుజామున పావుతక్కువ మూడుకి శంషాబాద్‌లో దిగాను. బొంగుళూరు గేటు దగ్గర అవుటర్ దిగి సాగర్ రోడ్డు పట్టుకుని ఇంటికొచ్చేసరికి ఆరున్నర. అక్క ఫోన్ చేసినప్పట్నుంచి లెక్కేస్తే నలభై నాలుగు గంటల ఇరవై నిమిషాలు. ఆ రోజు మూడో రోజు. నేను వెళ్ళింది బూడిద ఎత్తడానికి.

నాయిన నన్ను చూసి, "టైంకి దిగిందా?" అన్నాడు. విమానం గురించి. దిగిందన్నాను.

* * *

నాకు కోపం వచ్చింది. చాలాకాలం ఉంది. నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషిని ఒక్క రాత్రి ఆపలేకపోయాడా? ఊళ్ళో ఎవరి కోసమైనా ఆపుతారు, దుబాయ్ నుంచి వచ్చే మేస్త్రీ కోసం కూడా ఆపుతారు, నాకోసం ఆపలేదు. ఆయనకి నేను కూడా ఒక లేటొచ్చే పాసింజర్‌నే అనుకున్నాను. ఫోన్‌లో మాట్లాడుకునేవాళ్ళం, బీపీ మాత్రలు, కరెంటు బిల్లు, అంతవరకే.

అన్నట్టు, స్టాంపింగ్ అయిపోయింది. అయిదు వారాలు పట్టింది. నేను ఆ రాత్రి మూడు గంటలు కూర్చుని భయపడ్డవాటిలో ఒక్కటీ జరగలేదు. జరిగి ఉంటే నన్ను నేను సమర్థించుకోవడానికి ఏదో ఒకటి ఉండేది.

పోయిన డిసెంబర్‌లో ఇంటికెళ్ళాను. ఒక సాయంత్రం నాయిన మంచం మీద కూర్చుని పాత డైరీలు సర్దుతున్నాడు. వాటిలో 2023 డైరీ కూడా ఉంది. ఫిబ్రవరి పేజీ మీద ఆయన రాత. ఎడమ పక్క మన టైం, కుడి పక్క అమెరికా టైం. శాన్ ఫ్రాన్సిస్కో, దుబాయ్, హైదరాబాద్, ఇల్లు. ఒక్కోదానికి వచ్చేది, పోయేది. దాని కింద సింగపూర్ మీదుగా ఇంకో వరస. అక్క కొడుకు ఫోన్‌లో వెతికించి రాసుకున్నాడట. సింగపూర్ వరస చివర "గురువారం సా. 5:30 ఇల్లు" అని రాసి, కింద గీత గీశాడు. దాని పక్కన "1 గం. ఫోన్ చేయాలి" అని ఉంది.

అంటే ఆయన ఆపాలనే అనుకున్నాడు. దారి కూడా నాకంటే ముందే వెతికిపెట్టాడు. ఒంటిగంటకి ఫోన్ చేసింది, నేను ఆ విమానానికి బయల్దేరానో లేదో కనుక్కోవడానికి.

"ఆపుదామనుకున్నవా?" అన్నాను.

డైరీ నా చేతిలోంచి తీసుకున్నాడు. "అచ్చంపేట బస్సు లేటయితే, దాంట్ల వచ్చెటోళ్ళ కోసం పట్నం బస్సు ఆపుతమా, ఆపమా?"

"ఆపుతరా?"

"అవతల స్టాండుల బయలెల్లిందని ఫోనొస్తే ఆపుతం. ఎంత లేటైనా సరే, రోడ్డు మీదుంటది గదా, వస్తది. బయలెల్లలేదంటే ఆపం. అది ఎప్పుడొస్తదో ఆ కంట్రోలర్‌కే ఎరుక లేదు. బస్సుల కూసున్నోళ్ళు ఏం పాపం జేసిండ్రు?" కాసేపు ఆగి, "నువ్వు బయలెల్లలే" అన్నాడు.

నిష్టూరంగా అనలేదు. రిజిస్టరులో రాసినట్టు అన్నాడు.

అప్పుడు చెప్పాను. స్టాంపు గురించి, పక్క ట్యాబ్ గురించి, ఆ మూడు గంటల గురించి. అప్పటిదాకా ఇంట్లో అందరికీ సీట్లు దొరకలేదనే చెప్పాను. అక్కకి కూడా. నాయిన అంతా విన్నాడు. స్టాంపు ఎన్నేళ్ళకోసారి అయిపోతుందో అడిగాడు. ఇప్పుడున్నది ఎప్పటిదాకా ఉందో అడిగాడు. చెప్తే డైరీలో రాసుకున్నాడు. ఏమీ అనకపోయేసరికి నాకు ఇంకా కష్టమైంది. తిడితే బావుండేది.

"మీ అమ్మ ఉంటే ఆపమనేది" అన్నాడు చివరికి. "బయలెల్లకున్నా ఆపమనేది."

బయట చీకటి పడుతోంది. అక్క లైటు వేసింది. నాయిన ఆ ఏడాది డైరీలో ఒక కొత్త పేజీ తీశాడు.

"ఇప్పుడు చెప్పు. ఏమన్నైతే ఎన్ని గంటలు?"

ఈసారి భాగించలేదు. వెంటనే బయల్దేరితే, అర్ధరాత్రి విమానం దొరికితే, అన్నీ సరిగ్గా ఉంటే ముప్పై. అర్ధరాత్రి విమానం తప్పితే ఇంకో పద్నాలుగు కలపాలి. నేను కూర్చుని ఆలోచిస్తే ఎంతో నాకు తెలుసు.

"నలభై నాలుగు" అన్నాను.

"ఇంటికెల్లి ఇంటికా?"

"ఇంటికెల్లి ఇంటికి."

రాసుకున్నాడు. "ఇది రన్నింగ్ టైం" అన్నాడు.